సముద్రంలోకి వెలుగు ఎంత లోతుకు పోతుంది?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



‘నీ ఉద్యోగం గురించి పది నిమిషాలు చెప్పు’ అన్నారు మన కార్యదర్శి. ఉపగ్రహాలు పంపే సముద్రపు చిత్రాలను చదవడం నా పని. సముద్రం ఒడ్డున పుట్టినవాడు సముద్రాన్ని చూడటానికి హైదరాబాద్ పోయి ఏసీ గదిలో కూర్చోవడమేమిటని మా అమ్మ చివరిదాకా నవ్వుతూనే ఉండేది.

మా నాన్న నీటి రంగు చూసి వల వేసేవాడు. నేనూ చేసేది అదే. కాకపోతే ఏడు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి చూస్తాం. సముద్రం నీలంగా ఎందుకుంటుందని మన సైన్సు మాస్టారు అడిగితే, ఆకాశం నీడ పడి అని క్లాసంతా ఒకే గొంతుతో చెప్పాం. ఒకప్పుడు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలదీ అదే మాట. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో తిరిగి వస్తూ సి.వి.రామన్ మధ్యధరా సముద్రం దగ్గర ఆ మాట నమ్మలేదు. ఒక చిన్న పట్టకంతో ఆకాశం ప్రతిబింబాన్ని తప్పించి చూశారు. నీలం పోలేదు సరికదా, ఇంకా బాగా కనబడింది. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని తేల్చారు. ఆయన చిన్నప్పుడు చదువుకున్నది మన విశాఖపట్నంలోనే. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి, పరీక్షలో రాకపోయినా.

నీరు ఎరుపును తొందరగా మింగేస్తుంది, నీలాన్ని లోపలికి పోనిస్తుంది. నీటిలో కంటికి కనిపించనంత చిన్న మొక్కలుంటాయి. వాటిలోని పత్రహరితం నీలాన్ని తాగేసి ఆకుపచ్చను మిగులుస్తుంది. ఆ మొక్కలున్న చోటికి వాటిని తినే చిన్న ప్రాణులు, వాటి వెనక చేపలు చేరతాయి. 1999 మే 26న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఓషన్‌శాట్-1 ఈ రంగునే ఎనిమిది పట్టీలుగా విడదీసి చూసేది. 2022లో వెళ్లిన ఓషన్‌శాట్-3 పదమూడు పట్టీల్లో చూస్తోంది. నీటి రంగునూ నీటి వేడినీ కలిపి, ఏ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎంత దూరం, అక్కడ లోతెంత అని హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ మత్స్యకారులకు చెబుతోంది.

ఇక నా తప్పు సంగతి. ఓషన్‌శాట్-1 ఎగిరిన రెండేళ్లకు, ఆగస్టులో, వరలక్ష్మీ వ్రతానికి ఇంటికొచ్చాను. నాతో ఒకే బెంచీ మీద కూర్చున్న మిత్రుడు అప్పటికి సొంత బోటు కొన్నాడు. నా సంచిలో ఉన్న చిత్రం తీసి, ‘ఇదిగోరా, ఈ పచ్చమచ్చ మీదికి పో’ అన్నాను. అది అధికారిక సమాచారమేమీ కాదు, నా గొప్ప కొద్దీ చెప్పింది. పాతిక కిలోమీటర్లు పోయి, ఆయిలంతా కాల్చుకుని, ఖాళీ వలతో తిరిగొచ్చాడు. ‘అక్కడ పచ్చా లేదు, పాడూ లేదు. టీ రంగు నీళ్లు’ అన్నాడు. అది గోదావరి వరద. అప్పట్లో మేం వాడిన లెక్క నీలానికీ ఆకుపచ్చకూ ఉన్న నిష్పత్తి మీద నడిచేది. ఒండ్రూ, కుళ్లిన ఆకుల రసమూ కూడా నీలాన్ని మింగేస్తాయి. లెక్కకు తేడా తెలియదు, అంతా పత్రహరితమే అనుకుంటుంది. నడిసముద్రంలో బాగా పనిచేసే సూత్రం నదీముఖం దగ్గర ఇలా బోల్తా పడుతుందని పుస్తకాల్లో ఉంది. నేను చదివాను కూడా.

వాడు తిట్టలేదు. ఒకటే అడిగాడు: ‘పైన రంగు చూసి చెప్పావు, చేప ఉండేది కింద కదరా?’

ఆ ప్రశ్న చాలాకాలం నన్ను వదల్లేదు. దానికి జవాబు లేజరు. మన బోట్లలో ఫిష్ ఫైండర్ శబ్దాన్ని కిందికి పంపి ప్రతిధ్వని వింటుంది కదా, లైడార్ అదే పని వెలుగుతో చేస్తుంది. నీటిలో మీటరు లోతుకు పోయి రావడానికి వెలుగుకు పట్టేది సుమారు 9 నానోసెకన్లు, అంటే సెకనులో వంద కోట్ల వంతులు తొమ్మిది. విమానం నుంచి రెండు రంగులు వదులుతారు. పరారుణం నీటి పైపొర నుంచే తిరిగొస్తుంది, ఆకుపచ్చ లోపలికి దిగి అడుగును తాకి వస్తుంది. రెండింటి మధ్య వ్యవధే లోతు.

ఇందులో నాకు బాగా నచ్చిన కథ కాలిప్సో అనే ఉపగ్రహానిది. 2006లో దాన్ని పంపింది మేఘాలనూ గాలిలోని ధూళినీ కొలవడానికి. దాని ఆకుపచ్చ లేజరు కొంత నీటిలోకీ దిగుతోందని గమనించినవాళ్లు ఆ సంకేతాన్ని పారేయకుండా చదివారు. సూర్యుడి వెలుగు మీద ఆధారపడే కెమెరాలు ధ్రువాల దగ్గర శీతకాలమంతా గుడ్డివే. లేజరుకు సూర్యుడితో పనిలేదు, ఆ చీకట్లోనూ నీటి మొక్కల లెక్క తెచ్చింది. పగలు లోతుకు దిగి, రాత్రి మేతకు పైకొచ్చే చిన్న ప్రాణుల రాకపోకలను కూడా పదేళ్ల కొలతల నుంచి ప్రపంచమంతటికీ పటం గీశారు. రాత్రి వేట ఎందుకు బాగుంటుందో మన తాతలకు తెలుసు. దాన్ని అంతరిక్షం నుంచి చూసింది మాత్రం అప్పుడే. తర్వాత 2018లో వెళ్లిన ఐస్‌శాట్-2 మంచును కొలిచే ఉపగ్రహం. సెకనుకు పదివేల సార్లు ఆకుపచ్చ లేజరు వదులుతుంది. తేట నీటిలో నలభై మీటర్ల దాకా అడుగు చూపించింది.

తేట నీటిలో అన్నాను, వినండి. నీరు చిక్కబడితే లేజరూ ఆగిపోతుంది. దట్టమైన మేఘం అడ్డొస్తే అసలు నీటిదాకానే రాదు. ఆగస్టులో మన ఒడ్డున మేఘమూ ఉంటుంది, ఎర్రనీరూ ఉంటుంది. కాబట్టి నా మిత్రుడికి ఇవాళ్టికీ నేను పూర్తి జవాబు ఇవ్వలేదు. మన నీటిలో వెలుగు ఏ నెలలో ఎంత లోతుకు పోతుందో అక్కడికక్కడ కొలిచిన లెక్కలుంటే, ఉపగ్రహం చెప్పేదాంట్లో ఏది నమ్మాలో తెలుస్తుంది.

దానికి కోట్ల రూపాయలు అక్కర్లేదు. 1865లో ఇటలీలో సెక్కీ అనే ఫాదరీ పోపుగారి ఓడ మీద నుంచి తెల్లటి పళ్లేన్ని తాడు కట్టి నీటిలోకి దించాడు. అది కనబడకుండా పోయిన లోతును రాసుకున్నాడు. నేటికీ విమాన లైడార్ ఎంత లోతు చూడగలదో చెప్పాలంటే ఆ పళ్లెం లోతుకు రెండు మూడు రెట్లు అని అంచనా వేస్తారు.

అలాంటిదొకటి చేయించి తెచ్చాను. అదిగో, బల్ల మీద ఉంది. ముప్పై సెంటీమీటర్ల ఇనప రేకు, తెల్ల పెయింటు, తాడుకు పది సెంటీమీటర్లకొక గుర్తు. మన బజారులో వెల్డింగ్ షాపువాళ్లు చేశారు, డబ్బులు తీసుకోలేదు. నా మిత్రుడు వేటకు పోయినప్పుడల్లా దించుతానన్నాడు. తొమ్మిదో తరగతి పిల్లలు సాయంత్రం రేవుకు వెళ్లి తేదీ, వేళ, చోటు, లోతు రాసుకుంటామని ఒప్పుకున్నారు. నిన్న ఉదయం మొదటిసారి దించాం. ఒడ్డుకు మూడు కిలోమీటర్ల దూరంలో, రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు. నోటుపుస్తకంలో మొదటి వరుస అది.