అచ్చు చెప్పే సాక్ష్యం

సికింద్రాబాద్ సివిల్ కోర్టులో ఒక అగ్రిమెంటు మీద పేచీ వచ్చిందనుకోండి. ఒకరు అసలుదంటారు, ఇంకొకరు దొంగ కాగితమంటారు. అలాంటప్పుడు అచ్చు పని క్షుణ్ణంగా తెలిసిన నిపుణుడి మాట అవసరమవుతుంది.

భూతద్దం కింద పెడితే అచ్చు పద్ధతి బయటపడుతుంది. పాత సీసపు అక్షరాల ట్రెడిల్ అచ్చయితే అక్షరం కాగితంలోకి కాస్త దిగి, అంచుల్లో సిరా గట్టు కడుతుంది. ఆఫ్‌సెట్ అచ్చు చదునుగా ఉంటుంది. రంగుల బొమ్మలో చుక్కలు సాధారణంగా వరుస తప్పవు. ఇంక్‌జెట్ చుక్కలు చెల్లాచెదురుగా పడతాయి. లేజర్ ప్రింటర్ పొడి కరిగి కాగితం పైనే అంటుకుంటుంది.

దొంగనోట్లు, నకిలీ స్టాంపుల కేసుల్లో ప్రభుత్వ సెక్యూరిటీ ముద్రణాలయాల అధికారులిచ్చే నివేదికను, వారు బోనెక్కకపోయినా, కోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 328వ సెక్షన్ చెప్పేది ఇదే. మన సైఫాబాద్ మింట్ కాంపౌండ్‌లో 1982లో మొదలైన సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ అలాంటి ముద్రణాలయమే.

నిపుణుల అభిప్రాయానికి 1872 నాటి సాక్ష్య చట్టం 45వ సెక్షన్ చోటిచ్చింది. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 39వ సెక్షన్ ఆ పని చేస్తోంది. అయితే అది అభిప్రాయమే, తీర్పు కాదు. కారణాలు చూపని అభిప్రాయానికి విలువ తక్కువ. ఫీజు ఎవరిచ్చినా నిపుణుడు నిజం పక్షానే నిలబడాలి.

పేచీలో ఉన్న కాగితాన్ని లామినేషన్ చేయించకండి, పిన్నులు కొట్టకండి, దాని మీద ఏమీ రాయకండి. జిరాక్స్‌ను నమ్ముకోకుండా, అసలు కాగితాన్ని కవరులో భద్రంగా దాచండి.