బంధువుల జాబితా అడిగే ఉద్యోగాలు

(డిగ్రీ, ఎంబీఏ పూర్తిచేసిన యువతీ యువకుల కోసం కర్నూలులో ఏర్పాటైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సేల్స్ ఉద్యోగాల గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. 2006 నుంచి నేను ఈ రంగంలోనే ఉన్నాను. మొదట జీవితబీమా, ఆ తర్వాత సబ్బులు, బిస్కెట్లు. ప్రస్తుతం ఒక పంపిణీ సంస్థ వ్యవహారాలు చూస్తున్నాను. కనుక నేను చెప్పబోయేది పుస్తకాల్లో చదివింది కాదు, కాళ్లు అరిగేలా తిరిగి తెలుసుకున్నది.

మన ఇళ్లలో ఈ ఉద్యోగానికి ‘తిరుగుడు పని’ అని పేరు. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు అబ్బాయి బ్యాంకులో ఉన్నాడంటే దక్కే మర్యాద వేరు, సేల్స్‌లో ఉన్నాడంటే దక్కే మర్యాద వేరు. వింత ఏమిటంటే, అలా ముఖం చిట్లించే పెద్దమనిషి తాతగారు గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగినవారే అయివుంటారు. అత్తరు, గాజులు, పండ్లు, తోళ్లు, దూదిపరుపులు అమ్మి బతికిన సముదాయం మనది. ముస్లింలలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారి శాతం ఎక్కువనీ, నెలజీతం ఉద్యోగాలలో వారి వాటా తక్కువనీ 2006లో సచార్ కమిటీ నివేదిక స్పష్టంగా చెప్పింది. అమ్మడం మనకు కొత్త కాదు. జీతానికి అమ్మడం, వేరొకరి సరుకును వేరొకరి షరతులపై అమ్మడం మాత్రం కొత్త. మోసపోయేది అక్కడే.

2007 నుంచి బీసీ-ఈ కింద అమలవుతున్న నాలుగు శాతం రిజర్వేషన్ చదువులకూ, ప్రభుత్వ ఉద్యోగాలకూ మాత్రమే. ప్రైవేటు కంపెనీ గడప దగ్గర అది ఆగిపోతుంది. ఆ గడప దగ్గర ఏం జరుగుతుందో కూడా మనకు తెలుసు. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే రకం అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపి చూశారు. ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రవర్ణ హిందూ పేరున్న దరఖాస్తుకంటే చాలా తక్కువని తేలింది. 2007లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఇటువంటి పరిస్థితిలో సేల్స్ విభాగం తలుపు మాత్రం మన పిల్లలకు సులువుగా తెరుచుకుంటున్నది. సంతోషమే. కానీ అది ఎందుకు తెరుచుకుంటున్నదో లోపలికి వెళ్లేముందే తెలుసుకోవాలి.

నా మొదటి ఉద్యోగం సంగతి చెబుతాను. ఒక ప్రైవేటు బీమా కంపెనీ. పేరు అనవసరం. శిక్షణ మొదటిరోజున మా అందరికీ తలా ఒక కాగితం ఇచ్చారు. అందులో వంద ఖాళీ వరుసలు. ‘మీకు తెలిసిన వందమంది పేర్లు, ఫోన్ నంబర్లు రాయండి’ అన్నారు. పక్కన కూర్చున్నవారు నలభై దగ్గర ఆగిపోతే నేను వందా నింపాను. అమ్మీ వైపు, అబ్బా వైపు, మసీదులో పరిచయస్తులు, అబ్బా దుకాణానికి వచ్చేవారు. శిక్షకుడు నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. నా డిగ్రీ చూసి ఉద్యోగమిచ్చారని ఆరోజు అనుకున్నాను. వారికి కావలసింది ఆ వంద పేర్లని అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది.

జాబితాలో ఏడో పేరు మా మామూది. మోటారు సైకిళ్ల మరమ్మతు దుకాణం ఆయనది. షేర్ మార్కెట్‌తో ముడిపడిన పాలసీ ఒకటి ఆయనకు అమ్మాను. ఏడాదికి 20,000 రూపాయల ప్రీమియం. ‘మూడేళ్లు కడితే చాలు మామూ, ఆ తర్వాత డబ్బు దానంతటదే పెరుగుతుంది’ అన్నాను. ఆ వాక్యం నాది కాదు. శిక్షణలో కంఠస్థం చేయించినది. మొదటి ఏడాది కట్టిన సొమ్ములో ఎంత భాగం ఖర్చుల కింద కోత పడుతుందో నేను చెప్పలేదు. నాకే సగం తెలుసు, సగం తెలియదు. తెలుసుకోవాలన్న ఆత్రం కూడా లేదు, నెలాఖరు దగ్గరపడుతున్నది కనుక. ఆ నెల నా టార్గెట్ పూర్తయింది. ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

2008లో మార్కెట్లు పడిపోయాయి. 2009లో కూతురి నికాహ్ కోసం మామూ డబ్బు వెనక్కి తీసుకున్నారు. 60,000 కట్టిన మనిషి చేతికి 34,000 వచ్చాయి. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మీ మాత్రం అడిగింది: ‘ఆ కాగితం మొత్తం మామూకు చదివి వినిపించావా?’ నేను నా కోసమైనా మొత్తం చదువుకోలేదని ఆమెకు ఎలా చెప్పను? ఆ మరుసటి నెల ఉద్యోగం వదిలేశాను. గొప్ప నిర్ణయం అనుకోకండి, అప్పటికి నా జాబితా కూడా అయిపోయింది. జాబితా అయిపోయిన వారిని కంపెనీ పంపించనక్కరలేదు, వారే వెళ్లిపోతారు. 2010లో నియంత్రణ సంస్థ ఇలాంటి పాలసీలలో ఖర్చుల కోతకు పరిమితి విధించింది, కనీస గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఇప్పుడైతే పాలసీ పత్రం అందిన 30 రోజులలోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే హక్కు కూడా ఉంది. ఇవేవీ మా మామూకు ఉపయోగపడలేదు.

బీమా మనకు సమ్మతమా కాదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి, నాకు ఆ అర్హత లేదు. నా మాట అంతకంటే చిన్నది. ఖుర్ఆన్‌లో 83వ సూరాకు తూకంలో తగ్గించేవారి పేరే పెట్టబడింది. నేను ఆనాడు మామూకు తూచి ఇచ్చింది మాటను. అందులో సగం తగ్గించి ఇచ్చాను.

ఇది నా ఒక్కడి కథ అయితే మీ సమయం వృథా చేసేవాణ్ణి కాదు. కంపెనీల సమావేశాల్లో నేను కూర్చున్నాను. ఫలానా మొహల్లాలో మన పెనెట్రేషన్ తక్కువగా ఉంది, ఆ వర్గం కుర్రాళ్లను తీసుకోండి అనే మాట నా ఎదుటే అన్నారు. తప్పని కూడా వారికి తోచదు. మొహల్లాలో తలుపు కొట్టగానే ‘రా బేటా’ అని లోపలికి పిలిచే నమ్మకం ఉందే, దానిని సంపాదించడానికి మీ తల్లిదండ్రులకు, తాతలకు జీవితకాలం పట్టింది. దానికి నెలకు పదిహేనువేలు వెల కడుతున్నారు. ఆ నమ్మకాన్ని పెట్టుబడిగా వాడుకున్నవారు పరాయివారే కానక్కరలేదు కూడా. బెంగళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ 2019 జూన్‌లో కుప్పకూలినప్పుడు వడ్డీలేని రాబడి అన్న మాటను నమ్మిన వేలాది ముస్లిం కుటుంబాల పొదుపు అందులో చిక్కుకుపోయింది.

కాబట్టి ఇంటర్వ్యూలో మీరు అడగవలసిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. ‘నాకు కేటాయించే ప్రాంతం ఏది? ఖాతాదారుల జాబితా కంపెనీ ఇస్తుందా, నేనే తెచ్చుకోవాలా?’ అని అడగండి. బంధువుల పేర్లు రాయమంటే లేచి వచ్చేయండి. మీవారికి ఏదీ అమ్మకూడదని నేననడం లేదు. మంచి సరుకైతే మీవారికీ అమ్మవచ్చు. కానీ వారు లేకపోతే మీకు ఆ ఉద్యోగమే లేదు అన్నప్పుడు అది ఉద్యోగం కాదు.

మరి నిజమైన సేల్స్ ఉద్యోగం ఎలా ఉంటుంది? బీమా వదిలాక నేను సబ్బుల కంపెనీలో చేరాను. ఉదయం తొమ్మిదింటికి డిస్ట్రిబ్యూటర్ గోదాము దగ్గర హాజరు. రోజుకు ఒక బీట్, అంటే ముప్పై అయిదు నుంచి నలభై కిరాణా దుకాణాలు. సోమవారం వెళ్లిన బీట్‌కు మళ్లీ సోమవారమే. మొదటి నెల ఎవరూ తల ఎత్తి చూడరు. మూడో నెలకు టీ ఇస్తారు. ఆరో నెలకు తమ బాకీల గోడు చెప్పుకుంటారు. దుకాణదారుడికి ఏది కదులుతుందో, ఏది అటక మీద దుమ్ము పట్టిందో చూసి ‘ఈ వారం ఇది వద్దులే సేఠ్, పాతది అమ్మనివ్వండి’ అని మీరు చెప్పగలిగిన రోజున మీ పని నిలబడుతుంది. నెలాఖరులో మేనేజర్ ఫోన్ చేసి ఎలాగైనా సరుకు దించమంటాడు. డిస్ట్రిబ్యూటర్ గోదాములోకి దించేస్తే మీ లెక్క పూర్తవుతుంది, సరుకు మాత్రం దుకాణం చేరదు. మరుసటి నెల ఆ కొండంత సరుకు మీ నెత్తినే ఉంటుంది. దుకాణాల దాకా వెళ్లిన అమ్మకం ఎంత అన్నది మీ సొంత పుస్తకంలో రాసుకోండి. నన్ను ఏరియా మేనేజర్ దాకా తీసుకువెళ్లింది ఆ పుస్తకమే.

బీట్‌లో చేరిన కొత్తలో మా పైఅధికారి ఒకాయన ‘రాజు అని చెప్పుకో, పని సులువవుతుంది’ అని సలహా ఇచ్చాడు. చెడ్డవాడేం కాదు, నా మేలు కోరే అన్నాడు. ఒక దుకాణంలో అలాగే చెప్పాను. మూడు వారాల తర్వాత ఆ షావుకారు నా గుర్తింపు కార్డు చూశాడు. ‘ఎందుకలా చెప్పావు?’ అని అడిగాడు. జవాబు లేకపోయింది. ఆయన ఆర్డర్లు ఇవ్వడం మానలేదు గానీ, ఆ తర్వాత నా ప్రతి బిల్లునూ రెండుసార్లు కూడి చూసేవాడు. పేరు అడిగి ఆర్డరు ఇవ్వని దుకాణాలు నాకు తగలలేదా అంటే తగిలాయి. రెండు మూడు. నలభైలో రెండు మూడు పోతే బీట్ ఆగదు. అదే సమయంలో ఆదోనిలో, బేగంబజార్‌లో తెలుగుతో మొదలైన బేరం ఉర్దూలోకి, ఉర్దూ నుంచి హిందీలోకి మారినప్పుడు నేను మాత్రం ఆగిపోనవసరం రాలేదు. మీ ఇంట్లో ఉచితంగా వచ్చిన ఈ రెండు మూడు భాషల విలువ మీ బయోడేటాలో రాయడం లేదు మీరు. రాయండి.

మందుల కంపెనీల వైపు వెళ్లేవారికి ఒక మాట. డాక్టర్లకు, వారి కుటుంబాలకు బహుమతులు, విహారయాత్రలు ఇవ్వకూడదని కేంద్రం 2024 మార్చిలో నియమావళి ప్రకటించింది. మీ మేనేజర్ నోటిమాటగా ఏం చెప్పినా, పట్టుబడేది బ్యాగు మోసిన వ్యక్తి అని గుర్తుంచుకోండి.

ఇక కాగితాలు. 1976లోనే అమ్మకాల ప్రోత్సాహక ఉద్యోగుల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. నియామకపత్రం, వేతనంతో కూడిన సెలవులు అందులోని హక్కులు. 2020 నాటి కార్మిక సంహితలలో దానిని విలీనం చేశారు. నియామకపత్రం ఇవ్వాలన్న నిబంధన మాత్రం అలాగే ఉంది. కనుక ‘ముందు చేరండి, లెటర్ తర్వాత’ అంటే ఒప్పుకోకండి. పత్రంలో ఏడాది మొత్తం అని పెద్ద అంకె వేస్తారు, అందులో టార్గెట్ చేరితేనే వచ్చేది ఎంతో విడదీసి అడగండి. మిమ్మల్ని కంపెనీ నేరుగా తీసుకుంటున్నదా, మధ్యలో మరో ఏజెన్సీ ద్వారా ఆఫ్ రోల్‌లో తీసుకుంటున్నదా చూడండి. ఆఫ్ రోల్ అయితే చొక్కా మీద పేరు ఒకరిది, జీతమిచ్చేది మరొకరు. పీఎఫ్ ఖాతా సంఖ్య మొదటి జీతంతోనే అడగండి. పెట్రోలు ఖర్చు ఎవరిది? నెలకు రెండువేల కిలోమీటర్లు తిరిగితే ఆ ప్రశ్నే సగం జీతం. అసలు సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించకండి. డిపాజిట్ కట్టమన్న ఉద్యోగం వైపు చూడనే చూడకండి.

ఆడపిల్లలను పంపవచ్చా అని ఇందాక ఒక తండ్రి బయట నన్ను అడిగారు. మా సంస్థలో ఇద్దరు అమ్మాయిలు పనిచేస్తున్నారు. ఒకరు హిజాబ్‌తోనే హోల్‌సేల్ ఖాతాలు చూస్తారు. బాకీల వసూలులో ఆమెను మించినవారు లేరు. చీకటిపడ్డాక బీట్ ఉంటుందా, వాహనం ఎవరిది అన్నవి అడగండి. అవి కొడుకు విషయంలో కూడా అడగవలసినవే. జుమా గురించి మొహమాటపడకండి. శుక్రవారం బీట్‌ను మసీదున్న బజారులో పెట్టుకుంటానని చేరేనాడే చెబితే చాలామంది మేనేజర్లు కాదనరు. మధ్యలో చెప్పకుండా మాయమైతేనే గొడవ.

తల్లిదండ్రులకు ఒక మనవి. మొదటి ఏడాది మీ అబ్బాయి జీతం ఎంత అని అడిగేవారికి జవాబు చెప్పలేక వాణ్ణి ఉద్యోగం మాన్పించకండి. ఎండలో తిరిగి వచ్చినవాడికి ఆరోజు ఎన్ని దుకాణాలు పలికాయో అడగండి.

ఆఫర్ లెటర్లు అందినవారు ఈ హాలులో పదకొండుమంది ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. భోజనం తర్వాత ఆ పత్రాలు పట్టుకొని వెనుక గదిలోకి రండి, మీ అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకొని రండి. ఒక్కొక్కటీ మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా పైకి చదువుదాం.