ఫలవృక్ష పరిశోధనము - ద్రవ్యసంకటము
(పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసము)



మన దేశమున ఫలవృక్షములను గూర్చిన పరిశోధనము మందగతిని నడచుచున్నదని పలువు రాక్షేపించుచుందురు. ఆక్షేపణ కొంతవఱకు న్యాయమే. కాని దానికి మనుష్యుల సోమరితనమే కారణమని తీర్మానించుటకు ముందు చెట్టు స్వభావమును, ఖజానా స్వభావమును ప్రక్కప్రక్కన నిలిపి చూడవలసియున్నది.

వరి వంగడములపై కృషిచేయువానికి ఏటికి రెండు పంటలు చేతికి వచ్చును. మామిడితో పనిచేయువాని కా భాగ్యము లేదు. ఒక పూగుత్తిలో వేయికి మించిన పూలుండవచ్చును. వానిలో అధికభాగము మగపూలు. తుదకు కాయలై నిలుచునవి వ్రేళ్లపై లెక్కింపదగినవి. కాయకు టెంక ఒక్కటే. ఆ టెంకనుండి లేచిన మొక్క కాపునకు వచ్చుటకు ఆఱేడేండ్లు. ఆ కాపు ఏటేట నిలుచునా, పండు నిలువకు ఓర్చునా యని తేల్చుటకు మఱికొన్ని యేండ్లు. చెట్టునకును చెట్టునకును పదిమీటర్ల యెడముంచినచో హెక్టారునకు నూఱుచెట్లే పట్టును. వేయి మొక్కలను పరీక్షించుటకు పది హెక్టార్లు కావలెను. దగ్గఱగా నాటి స్థలమును పొదుపుచేయు ఉపాయములు లేకపోలేదు గాని, ఆ పొదుపునకును హద్దున్నది.

ఇన్ని చిక్కులలోను ఫలితములు రాలేదనరాదు. కోడూరు చెంత అనంతరాజుపేటలో 1935లోనే పండ్ల పరిశోధనస్థానము వెలసెను. ఏటేట కాచు గుణముగల మన నీలమును దశేరితో సంకరించి ఢిల్లీవారు మల్లికను, ఆమ్రపాలిని సాధించిరి. సంగారెడ్డిలో పుట్టిన మంజీరకును నీలమే ఒక జనకము.

ఇక ఖజానా మాట. మామిడి పూత మన సీమలో డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు. సంకరణమును అప్పుడే చేయవలెను. ప్రభుత్వపు లెక్కల సంవత్సరము మార్చి 31తో ముగియును. కాయ పక్వమగునది వేసవిలో. అనగా పని పాతపద్దులో మొదలై ఫలము క్రొత్తపద్దులో పడుచున్నది. మామిడిటెంక చిరకాలము జీవము నిలుపుకొనదు. తీసిన కొలదివారములలోనే నాటితీరవలెను. క్రొత్తపద్దు మంజూరు జూలైలో దిగివచ్చిన యెడల టెంకలు దానికొఱకు వేచియుండునా? ఒక వేసవి నీరు తప్పినచో పదేండ్ల శ్రమ ఎండిపోవును. పూతనాటి పనివానిని కాపునాటికి వేఱొకచోటికి బదిలీచేసినచో ఏ చెట్టు ఏ సంకరమో చెప్పువాడే యుండడు. భవనమునకు ప్రారంభోత్సవము గలదు, శిలాఫలకము గలదు. మొక్కలకు నీరుపోయుటకు ప్రారంభోత్సవ మెవరు చేయుదురు? ధనము మొదటిదానికే సులభముగ దొరకుట అందువలననే కాబోలు!

రైతుసంగతియు వేఱు కాదు. అంటుమొక్క నాటినను నాలుగైదేండ్లు చెప్పుకోదగిన రాబడి లేదు. వడ్డీ మాత్రము ఆగదు. అందుచేత అతడు తానెఱిగిన బంగినపల్లినో తోతాపురినో నాటును గాని పేరు వినని సంకరమును నాటడు. అతనిని పిఱికివాడనుట తగదు. నర్సరీవాడిచ్చిన అంటు ఏ తల్లిచెట్టునుండి వచ్చినదో యతనికి తెలియదు. మోసము బయటపడునది మొదటికాపునాడు. నమ్మదగిన తల్లిచెట్ల తోటలను పోషించుటయు పరిశోధనస్థానముల పనియే. ఆ తోటలకు వ్రాసిన సొమ్మును కోసినచో నష్టము ఆ యేటి లెక్కలలో కనబడదు. అయిదేండ్ల తరువాత రైతు పొలమున కనబడును.

వేంకటరామన్నగూడెమున 2007లో ఒక ఉద్యాన విశ్వవిద్యాలయము, సిద్దిపేట ములుగులో 2014లో మఱియొకటి ఏర్పడినవి. సంతోషమే. ఐనను సంస్థ పేరు మాఱినంత మాత్రమున టెంక స్వభావము మాఱదు. మన శాసనసభ్యులను ఇప్పు డడుగదగినవి మూడు: ఫలవృక్షముల పనికి ఏటేటి పద్దు గాక పన్నెండేండ్ల గ్రాంటు నిర్ణయించుట, సంకరణము చేసిన పనివానిని కాపు వఱకైనను కదల్పకుండుట, మార్చినాటికి మిగిలిన సొమ్మును లాగికొనక ఆ తోటకే విడుచుట. ఈ కడపటిదానికి ఖజానానుండి అదనముగ ఒక్క రూపాయియు మంజూరు చేయనక్కఱలేదు.