రోజూ కట్టే చీరలు

బీరువా తలుపు తీస్తే చీరలు మీద పడతాయి. పొద్దున్నే కట్టుకుందామంటే ఒక్కటీ కనబడదు! చిక్కంతా మనం కొనే తీరులోనే ఉంది. పెళ్లికీ పేరంటానికీ పది కొట్లు తిరిగి కొంటాం. ఏడాదిలో మూడొందల రోజులు ఒంటిమీద ఉండే చీరను మాత్రం తగ్గింపు బోర్డు చూసి కొనేస్తాం.

ఒక మధ్యాహ్నం తీరిక చేసుకుని, పోయిన నెలలో మీరు నిజంగా కట్టిన చీరలు విడిగా పెట్టి చూడండి. మీకేది ఇష్టమో, ఏది సుఖమో అవే చెబుతాయి. పక్కింటావిడకు నప్పిన లేత గులాబీ మీకూ నప్పాలనేముంది? రెండు మూడు రంగులు మీవి అనుకుంటే నాలుగైదు రవికెలతోనే గడిచిపోతుంది. కుట్టుకూలీ కూడా కలిసొస్తుంది.

మన ఎండలకు నూలు చీరే హాయి. మంగళగిరి చీర ఒళ్లంతా సాదాగా ఉండి, అంచున జరీ మెరుస్తుంది. ఆఫీసుకూ కట్టొచ్చు, అదే చీరతో సాయంత్రం గుడికీ వెళ్లొచ్చు. గద్వాలలో ఒళ్లు నూలు, అంచూ పమిటా పట్టు. చిన్న వేడుకకు అది చాలదూ? పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. అందుకే బొమ్మ రెండు వైపులా కనిపిస్తుంది. అచ్చు వేసిన నకలుకి వెనకవైపు వెలవెలబోతుంది. కొనేముందు తిప్పి చూడండి, మొహమాటపడకండి.

గంజి పెట్టిన చీర నెలల తరబడి దాచకండి, పురుగు పడుతుంది. జరీ చీర మడతలు అప్పుడప్పుడు మార్చండి. ఇక కట్టనని తేలినవి మీ చెల్లెలికో మరదలికో ఇచ్చేయండి, కాస్త కొత్తగా ఉండగానే.