నెట్టిన నడచు కారు

తాళము త్రిప్పినపుడు ఉలుకు పలుకు లేక, నలుగురు పూని నెట్టినంతనే చక్కగా నడచు కారును చూడనివారు మన ఉత్తర తెలంగాణమున అరుదు. కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతములలో ఇట్టి బండిని ‘సెల్ఫ్ తీసుకొనుట లేదు’ అందురు. నెట్టుటను ‘దక్కా’ అందురు. రాత్రి ట్రాక్టరును వాలున నిలిపి, తెల్లవారిన పిమ్మట బ్రేకు వదలి, దొర్లించి నడపువారును పల్లెలలో గలరు. ఈ ఉపాయమునకు అలవాటుపడినవారు అసలు జబ్బును మరచిపోవుదురు. కాని ఒకనాడు వాలు దొరకదు, నెట్టువారును దొరకరు. రోగిని ఆసుపత్రికి చేర్పవలసిన రాత్రియే అట్టి సమయము కావచ్చును. కావున ఈ లోపమును కనుగొను క్రమమును ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

పూర్వము మోటారు ఇంజనుకు తొలి కదలికను మనుష్యుని చేయియే ఇచ్చెడిది. ముందుభాగమున ఇనుప హ్యాండిలును దూర్చి బలముగా త్రిప్పెడివారు. ఇంజను వెనుకకు తన్నినచో ఆ హ్యాండిలు మణికట్టును విరుగగొట్టెడిది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అను ఇంజనీరు రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912 సంవత్సరపు కాడిలాక్ కార్లలో అమర్చిరి. నాటినుండి హ్యాండిలు క్రమముగా మూలబడినది. మన దేశమున 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కార్లలో పాతవానికి హ్యాండిలు దూర్చు వీలుండెడిది. నేటి కార్లకు అదియు లేదు. సెల్ఫ్ మొరాయించినచో నెట్టుటయే శరణ్యము. క్లచ్ పెడలు లేని ఆటోమేటిక్ కార్లకు ఆ దారియు లేదు.

నెట్టగా ఇంజను నడచినదనిన మనకు గొప్ప సాక్ష్యము లభించినట్లే. చక్రములు గేరుపెట్టె ద్వారా ఇంజనును త్రిప్పినవి, పెట్రోలు అందినది, ప్లగ్గులు నిప్పురవ్వ నిచ్చినవి. కావున కార్బురేటరును, ప్లగ్గులను, పెట్రోలు పంపును విప్పి చూచుట వృథాశ్రమ. లోపము ఇంజనును త్రిప్పెడి విద్యుత్ మార్గముననే యున్నది. బ్యాటరీ, దాని టెర్మినళ్లు, లావు తీగలు, సోలినాయిడు, సెల్ఫ్ మోటారు ఈ మార్గమునందలి మజిలీలు. తాళమునుండి సోలినాయిడునకు ఆజ్ఞ నందించు సన్నతీగ మరియొకటి గలదు.

ఇచట పలువురికి ఒక సందేహము కలుగును. లైట్లు వెలుగుచున్నవి, హారను మ్రోగుచున్నది. ఇక బ్యాటరీకి వచ్చిన లోపమేమి? సాధారణమైన పెట్రోలు కారులో హెడ్‌లైట్లు రెండింటికి కలిపి సుమారు 10 ఆంపియర్లు చాలును. సెల్ఫ్ మోటారు ఇంజనును త్రిప్పుటకు 100 నుండి 200 ఆంపియర్లు కావలెను. కుండ అడుగున మిగిలిన నీరు గొంతు తడుపుకొనుటకు చాలును. చేను తడుపుటకు చాలదు. ప్లగ్గుల నిప్పురవ్వకు ఆ కొద్దిపాటి విద్యుత్తే చాలుటచేత, నెట్టినపుడు బండి నడచుచున్నది.

మొదటి పరీక్షకు పనిముట్లతో పనిలేదు. గేరును న్యూట్రలునందుంచి, హ్యాండు బ్రేకు బిగించి, హెడ్‌లైట్లు వెలిగింపవలెను. ఒకరు తాళము త్రిప్పుచుండగా మరియొకరు లైట్లను చూచుచు, చెవి యొగ్గి వినవలెను. లైట్లు మసకబారి ‘టకటక’ మను చప్పుడు వచ్చినచో బ్యాటరీ క్షీణించినది, లేదా టెర్మినళ్లు వదులైనవి. లైట్లు తగ్గకుండ ‘టక్’ మని ఒక్కమారు వినిపించినచో ఆజ్ఞ సోలినాయిడునకు చేరినది. అందలి రాగి పాయింట్లుగాని, మోటారులోని కార్బన్లుగాని అరిగి యుండవచ్చును. లైట్లు తగ్గక, చప్పుడును లేనిచో సన్నతీగ మార్గమున ఫ్యూజును, రిలేను, తాళపు స్విచ్చును, క్లచ్ పెడలు క్రిందనుండు స్విచ్చును చూడవలెను. మోటారు గిర్రున తిరిగియు ఇంజను తిరుగనిచో, దాని చిన్న పళ్లచక్రము ఇంజనుయొక్క పెద్దచక్రమును పట్టుకొనుట లేదు.

రెండవ పరీక్షకు వోల్టు మీటరు కావలెను. నిండుగా చార్జి అయిన బ్యాటరీ విశ్రాంతిగా నున్నపుడు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినదనిన చాలవరకు ఖాళీ అయినట్లే. సెల్ఫ్ కొట్టునపుడు 9.6 వోల్టులకు లోపల పడిపోయినచో బ్యాటరీ బలహీనమైనదని అనుమానింపవలెను. తాళము త్రిప్పినను మీటరు 12.6 వద్దనే నిలిచినచో మోటారు విద్యుత్తును గ్రహించుటయే లేదని అర్థము. అప్పుడు బ్యాటరీని నిందించుట తగదు. ఇంజను నడచుచుండగా 13.8 నుండి 14.5 వోల్టుల వరకు కనిపింపవలెను. అట్లు కనిపింపనిచో చార్జి చేయు ఆల్టర్నేటరునందో, దాని తీగలందో లోపమున్నది. క్రొత్త బ్యాటరీ వేసినను అది కొలదిదినములలో పడిపోవును.

మూడవది తీగల పరీక్ష. టెర్మినళ్లపై తెల్లగనో పచ్చగనో పేరుకొనిన పొక్కును వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి, బిగింపవలెను. విప్పునపుడు నెగటివ్ తీగను ముందుగా తీసి, బిగించునపుడు దానిని చివరకు బిగింపవలెను. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుండును గనుక, దానిని బాడీతో కలుపు ఎర్త్ తీగ యొకటి యుండును. అది తెగినను, తుప్పుపట్టినను సెల్ఫ్ మూగవోవును. లైట్లు మాత్రము యథాప్రకారము వెలుగును. మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ టెర్మినలుకు, రెండవ కొనను ఇంజను ఇనుమునకు ఆనించి తాళము త్రిప్పింపుడు. అర వోల్టుకు మించి కనిపించినచో దోషము ఆ ఎర్త్ మార్గముననే యున్నది. స్వల్పమైన ఖర్చుతో తీరవలసిన ఈ లోపమునకు క్రొత్త సెల్ఫ్ మోటారును వేయించుకొనువారు గలరు.

స్పోర్ట్స్ కారైనను సూత్ర మిదియే. చోటు మాత్రము ఇరుకు. బానెట్టు క్రిందుగా నుండుటచే పొగగొట్టపు వేడి సెల్ఫ్ మోటారునకు సోకవచ్చును. దూరప్రయాణము చేసి నిలిపినపుడు పలుకక, చల్లారిన పిమ్మట పలికినచో ఈ వేడినే శంకింపవలెను. కొన్నిటిలో బ్యాటరీ ఇంజనుకు దూరముగా నుండును. 1962లో వెలువడిన ఎం.జి.బి. కారులో 6 వోల్టుల బ్యాటరీలు రెండు ఆసనముల వెనుక నుండెడివి. తీగ పొడుగైనకొలది, అతుకులు పెరిగినకొలది వోల్టులు దారిలో పోవుట కవకాశ మెక్కువ.

మన ప్రాంతపు వాతావరణమును ఇందు గణింపవలసియున్నది. రామగుండమున వేసవియందు ఎండ 45 డిగ్రీలు దాటు దినములు గలవు. ఆ వేడికి బ్యాటరీలోని నీరు ఇగిరి, పలకలు త్వరగా చెడును. ఆదిలాబాదున శీతకాలపు రాత్రులు 10 డిగ్రీలకు దిగువకు పోవును. చలిలో బ్యాటరీ శక్తి తగ్గును. నూనె చిక్కబడుటచే ఇంజనును త్రిప్పుట బరువగును. ఇట్లు ఎండ తెచ్చిన జబ్బు చలిలో బయటపడును. కావున చలికి ముందే, కార్తికమాసమున బ్యాటరీని పరీక్షింపించుట మేలు. మూతలుగల బ్యాటరీలలో డిస్టిల్డు వాటరునే పోయవలెను; బోరునీరు పనికిరాదు.

నెట్టక తప్పనిచో జాగ్రత్తలు గలవు. ఇంజను నడవనిదే బ్రేకునకు సాయపడు శక్తి నిలువదు. పవరు స్టీరింగును బిగుసుకొనును. కావున నిర్మల దాటిన పిమ్మట వచ్చు మహబూబ్ ఘాటువంటి దిగుడులలో బండిని దొర్లించుట ప్రాణాపాయము. రహదారి విడిచి, సమతలమునకు చేర్చి, రెండవ గేరులో నెట్టింపవలెను. పిల్లలచే నెట్టింపరాదు. స్క్రూడ్రైవరుతో సోలినాయిడును కలిపి నడపు సాహసమును చేయరాదు. గేరులో నున్నచో బండి ఎదుటివానిపైకి దూకును.

మెకానికు ‘బ్యాటరీ పోయినది’ అన్నను, ‘సెల్ఫ్ పోయినది’ అన్నను వెంటనే డబ్బు తీయకుడు. విశ్రాంతిగా నున్నపుడు ఎన్ని వోల్టులు, తాళము త్రిప్పినపుడు ఎన్ని, ఎర్త్ మార్గమున ఎన్ని అని అడుగుడు. పనితెలిసిన మెకానికు ఆ ప్రశ్నకు సంతోషముగా మీటరు చూపును. ఈ మూడు సంఖ్యలు చేతికి వచ్చిన పిమ్మటనే క్రొత్త సామాను మాట తలపెట్టవలెను.