పాలిమర్లు – మన సర్వీసు రూల్సు



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడేవారు చాలామంది ఉన్నారు కనుక నేను వేరే విషయం ఎత్తుకుంటున్నాను. మా మనుమరాలు బ్లాక్ కోపాలిమర్ల మీద పరిశోధన చేస్తున్నది. మూడేళ్లు గడిచాయి, ఇక అది మాని గ్రూప్స్ రాయమని ఇంట్లో ఒత్తిడి. ఆ పిల్ల చేసే పనేమిటో తెలుసుకున్నాక నేను ఆమె పక్షం వహించాను. ఎందుకో మనవి చేస్తాను.

పాలిమర్ అంటే చిన్న అణువులు వరుసగా కలిసిన పొడవైన గొలుసు. సిరిసిల్ల సాంచాల మీద నడిచే పాలిస్టర్ దారమూ ఆ జాతిదే. చాలా పద్ధతుల్లో గొలుసులు పొట్టివీ పొడుగువీ కలిసి వస్తాయి. ఆనయానిక్ పద్ధతి వేరు. మన భాషలో చెప్పాలంటే, అందరూ ఒకే తేదీన జాయినవుతారు, ఇంక్రిమెంట్లు సమంగా పడతాయి, ఆర్డరు వచ్చేదాకా ఎవరికీ రిటైర్మెంటు లేదు! గొలుసు కొసన రుణావేశం ఉంటుంది. అందిన అణువునల్లా కలుపుకుంటుంది. ఒక్కో గొలుసుకు 1000 చొప్పున లెక్కగట్టి వేస్తే అన్నీ ఇంచుమించు ఆ పొడవుకే వస్తాయి. సరుకు అయిపోయినా కొస చావదు. అప్పుడు వేరే రకం అణువులు వేస్తే, పాత పడుగుకు కొత్త పడుగు అతికినట్లు, రెండో ముక్క అక్కడినుండే సాగుతుంది. చివర మెథనాల్ పోసి ఆపుతారు. 1956లో అమెరికాలోని సిరాక్యూస్‌లో మైఖేల్ ష్వార్ట్స్ దీన్ని నిరూపించి, ప్రాణమున్న పాలిమర్లు అని పేరు పెట్టారు.

1965లో షెల్ కంపెనీ ఇలాంటి రబ్బరును బజారులోకి తెచ్చింది. రెండు కొసల్లో థర్మోకోల్ జాతి పాలిస్టైరీన్, నడుమ సాగే ముక్క. కొసలు గుంపులై గట్టి ముడులు పడతాయి. వేడిచేస్తే కరుగుతాయి, చల్లారితే మళ్లీ ముడిపడతాయి. అందుకే గంధకంతో ఉడికించిన రబ్బరులా కాక, దీన్ని కరిగించి మళ్లీ పోయవచ్చు. చెప్పుల అట్టల్లోనూ, రోడ్లకు వేసే తారులోనూ కలుస్తుంది. ఒకవైపే ముడి పడిన గొలుసు మాత్రం బరువు మోయదు. కాబట్టి మధ్యలో ఏదీ చావకూడదు.

చిక్కంతా అక్కడే. పాత్రలో కాస్త తేమ మిగిలినా, గాలి చొరబడినా గొలుసులు సర్వీసులోనే పోతాయి. స్టైరీన్ గొలుసులు బతికున్నంతసేపు ద్రావణం ఎర్రగా ఉంటుందట. వారం రోజులు గాజుసామాను ఆరబెట్టి, సరుకు శుద్ధిచేసి మొదలుపెడితే, కళ్లముందే ఆ ఎరుపు వెలిసిపోయిన రోజులున్నాయి. మర్నాడు మళ్లీ పాత్రలు కడుగుతుంది. దీన్ని మనవాళ్లు కాలయాపన అంటున్నారు! ముప్పై ఏళ్లు ఫైళ్లు మోసినవాణ్ణి, కాలయాపన అంటే ఏమిటో నాకు తెలియదా?

సంక్రాంతికి ఆమె ఊరికి వస్తున్నది. మీ ఇళ్లలో కెమిస్ట్రీ చదివే పిల్లలుంటే కనుమనాటి సాయంత్రం మా ఇంటికి పంపండి. గ్రూప్స్ సంగతి ఆ రోజు ఎత్తవద్దని మా వాళ్లకు ముందే చెప్పి ఉంచాను.