అవ్వల ముఖాలు, అవ్వల గొంతులు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము తెలుగు అక్షరాలు దిద్దినది అరవయ్యో పడిలో, సాయంకాలపు తరగతిలో. తప్పులుంటే మన్నించగోరుతాము.

ఈ గోడమీది ఫోటోలు మీరు చూశారు. అన్నీ మన ఆడవారివే. ప్రతి ఫోటో క్రింద ఒక మీట ఉన్నది. నొక్కితే ఆమె గొంతు వినబడుతుంది. ఇంత శ్రమ ఎందుకని కొందరడిగారు.

మా అవ్వ 1912లో మద్రాసు రేవునుంచి గిర్మిట్ కూలీగా ఫిజీకి వెళ్లింది. నూరుగురు మగవారికి నలభైమంది ఆడవారు ఉండవలెనని ఆనాటి నియమం. ఆ లెక్కలో ఆమె ఒకతె. లంబాసా చెరకుతోటల్లో కలుపు తీసింది. ఆ చక్కెర కంపెనీ ముఖ్య కార్యాలయం మన సిడ్నీలోనే ఉండేది. సర్కారు ఆమెను గురించి వ్రాసి ఉంచినది ఒక ఎమిగ్రేషన్ పాసు: తండ్రి పేరు, ఊరు, కులము, ఎత్తు, ఎడమ మోచేతిపై మచ్చ. ఫోటో లేదు. మారిషస్ వెళ్లిన కూలీలకు 1860ల నుంచే ఫోటోలు తీసేవారు. మా అవ్వ పడుచునాటి ముఖం మాలో ఎవరమూ ఎరుగము.

1976లో మేము మనుమలం కేసెట్ రికార్డరు తెచ్చి ఆమె ఎదుట పెట్టాము. ఇంట్లో అందరిదీ ఫిజీ హిందీయే. అవ్వ కొంతసేపు హిందీలో చెప్పింది. ఓడ సంగతి వచ్చేసరికి తెలుగులోకి జారింది. మాకు అర్థం కాలేదు. టేపు దండుగని ఆపివేశాము. ఆమె మాత్రం చెబుతూనే ఉన్నది. రెండేళ్లకు పోయింది.

1987 సైనిక తిరుగుబాటు తరువాత మాతోపాటు ఆ కేసెట్టూ సిడ్నీ చేరింది. నిరుడు మళ్లీ విన్నాము. చివర కొద్దిపాటి తెలుగు: "ఆయేళ మాయమ్మ రేవుకాడ..." ఆపైన మీట నొక్కిన చప్పుడు.

అందుకే ఈ ఏడు మా తరగతివారం ఇంటింటికీ వెళ్లాము. "నా బతుకులో ఏముందమ్మా" అనని వారు లేరు. ఒకచోట ప్రతి ప్రశ్నకూ ప్రక్కగదినుంచి భర్తగారే జవాబిచ్చారు. టీ పెట్టి తెమ్మని వేడుకున్నాము. పాపం, పెట్టారు. జీవితకథ చెప్పమంటే ఎవరూ నోరు విప్పరు. పెళ్లిచీర ఏమైందని అడిగితే నలభై నిమిషాలు. ఒకావిడ పట్టుచీర వద్దని కుట్టుమిషను ప్రక్కన కూర్చున్నది; పిల్లల ఫీజులు దానిమీదనే కట్టిందట. ఏ భాష వస్తే ఆ భాషలో చెప్పనిచ్చాము, దిద్దలేదు. వినిపించవద్దన్న మాటలు తీసివేశాము.

ఆ మూలనున్నది మా అవ్వ ముసలితనపు ఫోటో. ప్రక్కన పాసు నకలు పెట్టాము. మీట నొక్కి చివరిదాకా వినండి. ఊరి పేర్లు తెలిసిన పెద్దలెవరైనా ఆ యాస ఎక్కడిదో పోల్చగలిగితే, బల్లమీది పుస్తకంలో వ్రాసి వెళ్లండి.